పుచ్చుకున్నదెవరు?

నెల్లూరు సముద్రతీరంలో ఏ బాప్టిస్టు సంఘం వార్షికోత్సవానికి వెళ్ళినా ఒక మాట వినబడుతుంది: "దొరలు, దొరసానులు ఓడలెక్కి రాకపోయుంటే మనమెక్కడుండేవాళ్ళం? ఆ దంపతుల రుణం మనం తీర్చలేం." వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు ఇదే చెబుతారు. కింద చాపల మీద కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కళ్ళొత్తుకుంటారు. ఆ కన్నీళ్ళను నేను తక్కువ చేయను. బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు అక్షరం చెప్పినవాళ్ళను, పురిట్లో పోయే తల్లుల కోసం ఆసుపత్రి పెట్టినవాళ్ళను తలుచుకోవడం మన ధర్మం. నా పేచీ ఆ మాట వెనక గట్టిపడిపోయిన అభిప్రాయంతో. పరదేశానికి సేవకు వెళ్ళిన దంపతులు ఇచ్చేవాళ్ళు, అక్కడి జనం పుచ్చుకునేవాళ్ళు, కాబట్టి వెళ్ళినవాళ్ళ వంతు త్యాగం, ఉన్నవాళ్ళ వంతు కృతజ్ఞత అని ఆ అభిప్రాయం. ఇప్పుడు మన సంఘాల నుంచే దంపతులు పై రాష్ట్రాలకూ పై దేశాలకూ సేవకు వెళ్తున్నారు. వాళ్ళ వీడ్కోలు కూడికల్లోనూ ఇదే పాఠం అప్పజెబుతున్నాం. అందుకే దీన్ని ఇక ఊరికే వదిలేయకూడదు.

పరాయి చోట సేవ చేసే దంపతులు మొట్టమొదట చేసే పని పుచ్చుకోవడం. తాగే నీళ్ళు, తల దాచుకునే చూరు, నోటికి మాట, కాలికి దారి, జ్వరమొస్తే పక్కన కూర్చునే మనిషి, అన్నీ ఆ ఊరివాళ్ళే ఇవ్వాలి. అవి అందాకే వాళ్ళు ఎవరికైనా ఏదైనా ఇవ్వగలరు. అంచేత రోజూ కృతజ్ఞతగా ఉండడమనేది వాళ్ళకు అదనపు సద్గుణమేం కాదు. తమ బతుకు ఎవరి చేతుల మీద నడుస్తోందో ఎరిగి ఉండడం, అంతే. ఆ ఎరుక లేకపోతే ఎంత మంచివాళ్ళ సేవైనా దొరతనంగా మారుతుంది.

ఈ తీరానికి వచ్చిన అమెరికా మిషనరీలు శామ్యూల్ డే, రోయెన్నా డే దంపతులు 1835 సెప్టెంబరులో బాస్టన్‌లో ఓడెక్కి 1836 ఫిబ్రవరిలో కలకత్తాలో దిగారు. విశాఖపట్నం, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరారు. మన సభల్లో ఈ ఓడ ప్రయాణం గురించి వర్ణించి వర్ణించి చెబుతారు. అయిదు నెలలు సముద్రం మీద గడపడం కష్టమే, కాదనను. మరి దిగాక? తెలుగు ముక్క రాదు. మున్షీ ఎదురుగా కూర్చుని అ ఆల దగ్గర మొదలుపెడితేగానీ ఆ దొర పెన్న ఒడ్డున నిలబడి ఒక్క వాక్యం చెప్పలేడు, ఆ దొరసాని పక్కింటి బిడ్డను పలకరించలేదు. మిషన్ అమెరికా నుంచి వచ్చింది. మిషన్ నోట్లోని మాట మాత్రం ఇక్కడిదే.

1846లో డే ఆరోగ్యం పాడై కుటుంబంతో అమెరికా వెళ్ళిపోయారు. ఆయన లైమన్ జ్యూయెట్, యుఫీమియా జ్యూయెట్ దంపతులను వెంటబెట్టుకుని తిరిగి నెల్లూరు వచ్చింది 1849లో. ఈ మధ్యకాలంలో నెల్లూరులో ఒక్క అమెరికా మిషనరీ లేడు. అయినా పని ఆగలేదు, ఇక్కడి సహాయకులు నిలబెట్టుకొచ్చారు. 'వాళ్ళు రాకపోయుంటే మనమెక్కడ' అని ఏటేటా అడిగే మనం, 'వీళ్ళు నిలబడకపోయుంటే వాళ్ళు ఎక్కడికి తిరిగొచ్చేవాళ్ళు' అని ఒక్కసారైనా అడిగామా?

ఇక ఒంగోలు కొండ సంగతి. 1853లో అమెరికాలో ఆల్బనీలో జరిగిన సభలో ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ నడిచింది. ఫలితం కనబడని పనికి డబ్బెందుకన్నారు కొందరు. అప్పుడే శామ్యూల్ ఎఫ్. స్మిత్ రాసిన పద్యం వల్ల దీనికి లోన్ స్టార్ మిషన్, అంటే ఒంటరి నక్షత్రం, అన్న పేరు స్థిరపడింది. ఆ మరుసటి ఏడాది మొదటి రోజు, 1854 జనవరి 1 పొద్దున్నే, అయిదుగురు మనుషులు ఒంగోలు కొండెక్కి ఈ దేశానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. 'జ్యూయెట్ దొర కొండెక్కి ప్రార్థించాడు' అని మనం పిల్లలకు చెబుతాం. అయిదుగురిలో జ్యూయెట్ దంపతులు ఇద్దరు. మిగిలిన ముగ్గురు క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. వీళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఎవరూ చెరపలేదు. మనమే మన పిల్లలకు చెప్పడం మానేశాం.

ఆ పొద్దున ఎవరు ఏం పణం పెట్టారో ఆలోచించండి. ప్రార్థన ఫలించకపోతే, సభవాళ్ళు మిషన్ మూసేస్తే, జ్యూయెట్ దంపతులకు వెళ్ళడానికి ఒక దేశం ఉంది, బంధువులున్నారు. నరసుకి ఏముంది? చదువుకున్న ఆడపిల్ల అనిపించుకున్న జూలియాకి ఏముంది? ముసలి రూతుకి? ఉన్న కులం వదిలేశాక తిరిగి చేరనిచ్చే ఇల్లు లేదు. నూరేళ్ళు దాటినా మనం త్యాగం అనే మాట మొదటి ఇద్దరికే అట్టిపెట్టాం. యుఫీమియా జ్యూయెట్ మంచి మనిషి అనడంలో నాకు అనుమానం లేదు. ఆ కొండ మీద ఆమెకు తోడుగా ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఉన్నారన్నది నాకు ఆమె మంచితనమంత ముఖ్యం.

వీళ్ళ తర్వాత ఈ మిషన్‌కు వచ్చిన క్లౌ దంపతుల కథా ఇంతే. జాన్ క్లౌ, హారియట్ క్లౌ 1865లో నెల్లూరులో దిగి, మరుసటి ఏడాది ఒంగోలుకు మారారు. అదే 1866లో, వాళ్ళక్కడ స్థిరపడకముందే, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పుచ్చుకున్నారు. తోళ్ళ కోసం తిరిగిన ఊళ్ళన్నీ పేరయ్యకు తెలుసు, ఆ ఊళ్ళలో చుట్టాలు తెలుసు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో మొదలైంది. పదేళ్ళు తిరగకుండా అది వేలమందికి పాకిందంటే దానికి దారి వేసింది పేరయ్య చెప్పుల జాడ. దొర కొత్త ఊరికి వెళ్ళినప్పుడు ముందు నడిచి, 'మావోడేలే, భయపడబాకండి' అని పల్లెలో చెప్పేవాడొకడు లేకపోతే ఆ పల్లె తలుపు తెరుచుకునేదే కాదు.

ఈ సంగతి దొరసానుల్లో ఒకావిడకు బాగా అర్థమైంది. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకం అచ్చువేసింది. చెప్పులు కుట్టుకునే మాదిగ పెద్దల దగ్గర, ముసలి బోధకుల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని రాసిన పుస్తకం అది. ఈ జనం నా దగ్గర ఏం నేర్చుకున్నారని అడగకుండా, వీళ్ళకేం తెలుసని అడిగింది. ఆవిడ చూపుతో నాకు అన్నిచోట్లా పొత్తు కుదరకపోవచ్చు. అయినా దొరసానుల కృతజ్ఞతకు మనకున్న గట్టి సాక్ష్యం అదే. పేర్లు రాసింది, కథలు రాసింది, విన్నానని ఒప్పుకుంది.

ఇక్కడ ఇంకో గుంపుతో కూడా తేల్చుకోవాలి. ధాత కరువులో, 1876 నుంచి 78 దాకా, జనం గింజల కోసం మతం మారారని ఎద్దేవా చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మన సభల్లో దొరలను పొగిడేవాళ్ళకూ వీళ్ళకూ పడదు. కానీ ఇద్దరి నమ్మకం ఒకటే: తెలుగు పల్లె జనం పుచ్చుకున్నారు. ఒకరు 'పుచ్చుకున్నందుకు దండం పెట్టండి' అంటారు, ఒకరు 'పుచ్చుకుని అమ్ముడుపోయారు' అంటారు. ఆ జనం చేతులు పని చేశాయన్న సంగతి ఇద్దరికీ కనబడదు. కరువులో క్లౌ చేసింది బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకోవడం. మట్టి తవ్విందెవరు? ఎండిన డొక్కలతో తట్టలు మోసిందెవరు?  ఆ జనం తమకు అందిన ప్రతి గింజకూ చెమటతో బదులిచ్చారు. తెలుగు బోధకులే పని దగ్గర మేస్త్రీలయ్యారు, సాయంత్రాలు జనంతో కూర్చుని మాట్లాడారు. కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వనని క్లౌ పట్టుబట్టాడు. కూలి ఆగిపోయాక, పుచ్చుకోవడానికి ఇక ఏమీ లేనప్పుడు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఆ బాప్తిస్మాలిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ.

అసలు కథ ఇదైతే కృతజ్ఞత ఏ వైపు పారాలి? రెండు వైపులా. కానీ ముందుగా, వచ్చినవాళ్ళ నుంచి.

మనవాళ్ళే సేవకులై సముద్రం దాటిన కథ తీసుకుంటే ఇంకా తేటపడుతుంది. 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్య దంపతులను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపింది. ఆ కాలంలో ఒక తెలుగు సంఘం తన సొంత మనుషులను ఖండాంతరం పంపడం చిన్న విషయం కాదు. మన సభల్లో దీన్ని గర్వంగా చెప్పుకుంటాం, 'మనం కూడా ఇచ్చేవాళ్ళమయ్యాం' అంటాం. ఆ గర్వంలోనూ పాత జబ్బే ఉంది.

నేటాలులో వాళ్ళకోసం ఎదురుచూస్తున్నదెవరు? 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా గిర్మిట్ అనే కూలి ఒప్పందం కింద లక్షన్నరకు పైగా మనుషులు నేటాలుకు కూలికి వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల కూలి. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోదలిస్తే, 1895 చట్టం ప్రకారం ఏడాదికి 3 పౌండ్ల పన్ను. అంటే మొదటి ఏటి కూలి లెక్కన ఆరు నెలల కష్టం. చెరుకు తోటల్లో, కియర్స్నీ టీ తోటలో ఆ బతుకు బతుకుతూ మన తెలుగు బాప్టిస్టులు పాటలు పాడుకున్నారు, కూడుకున్నారు, పాస్టరు కావాలని ఇంటికి కబురు పెట్టారు. రంగయ్య దంపతులు దిగిన ఏడాదే, 1903 డిసెంబరు 27న, కియర్స్నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. కొద్ది నెలల్లో సంఘం నిలబడిందంటే కారణం ఒకటే. సంఘం అప్పటికే అక్కడుంది, లేనిది పాస్టరొక్కరే.

రంగయ్య 1915లో కన్నుమూసేలోగా చాలా పని చేశాడు. 1914లో నేటాల్ ఇండియన్ బాప్టిస్ట్ అసోసియేషన్ పుట్టింది. ఆయన శ్రమను నేను తగ్గించడం లేదు. ఆ దంపతులు తిన్న అన్నం మాత్రం గిర్మిట్ కూలీలు పంచుకున్న అన్నం. రేషన్ బియ్యంలోంచి తీసిన పిడికెడు, ఆదివారం ఒక్కరోజు సెలవులో కట్టిన గుడి. పరదేశంలో తెలుగు మాట వినిపించే గడప అయిదేళ్ళకు అమ్ముడుపోయిన మనిషి ఇంటిది. అక్కడ పాస్టరుగారు గొప్పవాడా, పిలిపించుకున్న కూలీ గొప్పవాడా అని నేను పోటీ పెట్టను. కానీ రంగయ్య దంపతులు ఆ కూలీలకు రుణపడ్డారన్న మాట మన వేదికల మీద వినబడదు, వినబడాలి.

ఇవాళ్టి కువైట్ చూడండి. నెల్లూరు, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు అక్కడ ఇళ్ళలో పనికి కుదురుతున్నారు. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళు తెలుగు ఆరాధనకు వస్తారు. ఇక్కడి నుంచి వెళ్ళే సేవకుల దంపతులకు అన్నం పెట్టేది, టిక్కెట్టుకు డబ్బులు పోగుచేసేది వాళ్ళే. సెలవంటూ దొరికిన ఒక్క పూటలో వండి, స్టీలు డబ్బాలో చేపల పులుసు సర్ది తెచ్చి, "పాస్టరమ్మా, ఇది మనూరి పులుసు, తిను తల్లీ, ఎట్టా ఉండావో ఏందో" అనే మనిషి ఆ వారమంతా నిలబడి పని చేసిన మనిషి. తిరిగొచ్చాక ఇక్కడ సాక్ష్యం చెప్పేటప్పుడు 'దేవుడు మమ్మల్ని అక్కడ బలంగా వాడుకున్నాడు' అంటారు. ఆ పులుసు మాట రాదు. అది నాకు బాధ. దేవుడు వాడుకున్నాడన్నది నిజమైతే ముందు వాడుకున్నది ఆ డబ్బా తెచ్చిన చేతిని.

'వాళ్ళ త్యాగాన్ని తుడిచేస్తారా? పిల్లల్ని పాతిపెట్టి, ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చారు కదా' అని పెద్దలు అడగొచ్చు. తుడవను. ఈ తీరంలో మిషన్ సమాధుల తోటల్లో పసిపిల్లల రాళ్ళున్నాయి, ఆ ముందు నిలబడితే నాకూ గొంతు పట్టుకుంటుంది. కానీ అదే ఏట, అదే కలరాకు, పక్క పల్లెలో పోయిన పిల్లలకు రాయి లేదు. బాధ పడ్డారు గనుక బాకీ లేరనడం ఎక్కడి న్యాయం? త్యాగం చేసినవాళ్ళు కూడా రోజూ పుచ్చుకుంటూనే త్యాగం చేశారు.

ఇంకో అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా దాటను. 'బంగళా దొరసాని ఆయాకు కృతజ్ఞతలు చెప్పిందే అనుకోండి, అయితే ఏం? జీతం పెంచిందా? బల్ల దగ్గర కూర్చోబెట్టిందా? ఈ రోజువారీ కృతజ్ఞతలన్నీ పెత్తనాన్ని తియ్యగా చేసే మాటలు' అని దళిత రచయితలు, చదువుకున్న మన పిల్లలు అడుగుతున్నారు. నేను వాళ్ళ పక్షమే. పంకా లాగే కుర్రాడు, కావడితో నీళ్ళు మోసేవాడు, బండి తోలి రాత్రంతా మేలుకునేవాడు, చాకలి, ఆయా, వంటమనిషి... వీళ్ళందరి మీదా నడిచిన బంగళాల్లో నోటితో చెప్పిన థాంక్స్ చాలదు. కృతజ్ఞత కూలి లెక్కలో కనబడాలి, రిపోర్టులో పేరుగా కనబడాలి, సంఘం పెత్తనం ఎవరి చేతికి ఎప్పుడు అప్పగించారన్న దానిలో కనబడాలి. అలా కనబడనిది కృతజ్ఞత కాదు, మర్యాద. అయితే ఈ అభ్యంతరం నా వాదాన్ని కొట్టేయదు, బలపరుస్తుంది. తాను ఇచ్చేవాణ్ణనుకునే మనిషికి కూలి పెంచాలని తోచదు, పెత్తనం వదలాలని అసలే తోచదు. తాను బాకీ ఉన్నానని ఎరిగినవాడికే తోచేది.

దంపతులు అన్నాం గనుక ఇంటిలోపలి బాకీ కూడా చెప్పాలి. రిపోర్టుల్లో ఆడమనిషి భర్త పేరు వెనక మిసెస్‌గా మిగిలింది. మన దగ్గరా అంతే. పాస్టరుగారి సన్మానంలో పాస్టరమ్మకు ఒక చీర, ఒక దండ. పరాయి ఊళ్ళో ఆదివారం ప్రసంగం ఆయనది. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చేపోయేవాళ్ళకు టీ పెట్టడం, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవడం, ఆయన విసుక్కున్నప్పుడు సర్దుకోవడం ఆవిడది. అమెరికాలో కొన్ని సంఘాల్లో ఉద్యోగాలు మానేశాక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సొంత ఖర్చుతో ఏడాదో, రెండేళ్ళో మిషన్‌కు వెళ్ళే పద్ధతి ఉంది. అక్కడ ఇద్దరినీ మిషనరీలనే పిలుస్తారు. మనం కనీసం ఆ పిలుపైనా నేర్చుకోవచ్చు. కొత్తచోట ఒకరికొకరు తప్ప దిక్కులేని ఇద్దరిలో ఒకరి పనే సేవగా, ఇంకొకరి పని ఇంటిపనిగా లెక్కపడుతుంటే ఆ ఇంట్లో కృతజ్ఞత ఎలా నిలుస్తుంది?

మన పల్లెల్లో ఆడవాళ్ళకు కృతజ్ఞత అనే ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలో బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. రేషన్ బియ్యమైనా, పొలంలో పండినవైనా సరే, ఇంట్లో ఆ పూటకు చాలీచాలకపోయినా సరే. ఆదివారం ఆ డబ్బా సంఘానికి వెళ్తుంది. ఎందుకు తీస్తున్నావని అడిగితే పెద్ద జవాబు రాదు, "అన్నం దొరికింది గదా" అంటారు. పిడికెడు బియ్యం ఇంటింటా పోగై పాస్టరు ఇంటికి చేరుతుంది, సువార్తికుడి ప్రయాణానికి ఖర్చవుతుంది. ఇచ్చేదీ వీళ్ళే, కృతజ్ఞత చెప్పేదీ వీళ్ళే. దాన్ని తిన్నవాడు వేదికెక్కి మీరు రుణపడ్డారని వీళ్ళకే బోధించడం నేను ఇక సహించలేను.

కాబట్టి మన సంఘాల పెద్దలను నేను అడిగేది ఇది. ఒంగోలు కొండ కథ చెప్పిన ప్రతిసారీ అయిదు పేర్లూ చెప్పండి. రంగయ్య దంపతుల గురించి చెప్పినప్పుడు వాళ్ళను పిలిపించుకున్న గిర్మిట్ కూలీల దగ్గర మొదలుపెట్టండి. పై చోట్లకు దంపతులను పంపేటప్పుడు మీరు వాళ్ళ చేతికి ఒక రిపోర్టు ఫారం ఇస్తారు. ఎన్ని కూడికలు పెట్టారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని బాప్తిస్మాలు, ఎంత ఖర్చు అన్న గడులుంటాయి అందులో. ఇంకో గడి కలపండి: ఈ నెల ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నారు, వాళ్ళ పేర్లేమిటి, దానికి బదులు ఏం చేశారు. భర్త ఒకటి నింపాలి, భార్య విడిగా ఒకటి నింపాలి. ఖాళీగా వచ్చిన ఫారాన్ని తిప్పి పంపండి.